అమ్మ చేతికి సరిపోయే పెన్ను

మొన్న మా ఎదురింటి అమ్మాయి, వేలూరులోనే ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఏదైనా చేతిపని నేర్చుకోవాలని ముచ్చటపడే పిల్ల, కర్రను గిరగిర తిప్పే, బల్లమీద పట్టేంత చిన్న లేతు మిషను తెప్పించుకుని, దానిమీద చెక్క పెన్నులు చేయడం ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నా దగ్గరకు వచ్చింది. ఫోనులో వీడియోలన్నీ చూసేసిందట, ఉలి పట్టడానికే ధైర్యం చాలడం లేదట. ఆ పిల్లను చూస్తే నాకు మెచ్చుకోలుతోపాటు, దాచుకోవడం ఎందుకు, కాస్త అసూయ కూడా కలిగింది. మా రోజుల్లో తీరికంటే ఆదివారం ఒక్కటే, మిషను చూడాలంటే గుడియాత్తం బస్సెక్కాలి.

గుడియాత్తంలో మా మేనమామ, అంటే అమ్మకు స్వయానా అన్న, లుంగీ మగ్గాలకు చెక్క కండెలు చేసేవాడు. నూలు చుట్టుకునే ఆ కండెలను కొలబద్ద ముట్టకుండా, కంటి అంచనాతోనే అన్నీ ఒక్క లావున తీసేవాడు. నలభై ఏళ్ళు ఆ ఒక్క పనే చేసిన మనిషి ముఖంలో విసుగన్నది నేను ఏనాడూ చూడలేదు. అప్పుడే వేలూరులో గుమాస్తాగా కుదురుకున్న నాకు పెన్ను చేయాలన్న సరదా అమ్మవల్ల పుట్టింది.

మాది తమిళనాడు కావడంవల్ల, అమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి తెలుగే మాట్లాడినా ఆ అక్షరాలు ఆమెకు రావు. చిత్తూరు దగ్గర కాపురమున్న మా పెద్దమ్మ ఉత్తరం రాస్తే నేనే చదివి వినిపించాలి, జవాబూ నేనే రాయాలి. "అక్కకు నా చేత్తో ఒక్క జాబు రాయాలప్పా. అన్నీ నీకు చెప్పి రాయించేదానికి అయితాదా?" అని ఒకనాడు అడిగి, నా దగ్గరే సుద్దముక్కతో నేలమీద అక్షరాలు దిద్దడం మొదలుపెట్టి, యాభై దాటిన వయసులో గుణింతాలన్నీ పట్టేసింది. చిక్కంతా పెన్నుతోనే వచ్చింది. పడుచుతనంనుంచి బీడీలు చుట్టి చుట్టి కణుపులు బిగుసుకుపోయిన ఆ వేళ్ళలో లావాటి సుద్దముక్క నిలిచేది గానీ, అంగట్లో కొన్న పెన్ను జారిపోయేది. ఇంతలో చూపు మందగిస్తున్నదని పెద్దమ్మ రాసింది. అక్కకు కళ్ళు కనబడుతుండగానే తన ఉత్తరం అందాలని అమ్మకు తొందర పట్టుకుంది.

మామతో చెబితే సరేనన్నాడు, కానీ చేయవలసింది నేనేనన్నాడు. వరసగా ఎన్నో ఆదివారాలు చింతకర్ర ముక్కలిచ్చి నాచేత ఉత్త కండెలే తీయించాడు. మొదటిరోజే నేను ఉలిని పిడికిలి బిగించి అదిమేసరికి ముక్క ఎగిరి గోడకు తగిలింది. "మిషనుతో మల్లుకట్టొద్దప్పా, కుస్తీ కాదిది. ఉలిని ఊరికే ఆనించు, కర్రే తిరిగి తిరిగి వచ్చి తగులుకుంటాది" అన్నాడే తప్ప తిట్టలేదు. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఉలి ముందు ఆ రెండూ చెల్లవని అక్కడే తెలిసింది. ఉల్లిపొరలాంటి పొట్టు నా ఉలికింద మొదటిసారి లేచిన రోజున మామ లోపలికి వెళ్ళి జానెడు కర్రముక్క తెచ్చి ఇచ్చాడు. మా అమ్మమ్మ తన మగ్గంలో కాలితో తొక్కిన కర్రలో మిగిలింది అదొక్కటే.

అమ్మను రప్పించి, చేతిలో తడిమట్టి ముద్ద పెట్టి, రాసేటట్టు పట్టుకోమని, పడిన మూడువేళ్ళ గుంటలను చూసి మామ లావు నిర్ణయించాడు. పైరూపం నేను తీశాను, రీఫిల్లుకు బొక్క వేయడం మాత్రం భయపడి ఆయనకే వదిలేశాను. అమ్మ కాగితంమీద గట్టిగా ఒత్తగానే రీఫిల్లు వెనకనుంచి బయటికొచ్చేసింది. కండెకు వేసినట్టే ఈ కొసనుంచి ఆ కొసకు వేసేశాడు మామ. "ఇన్నేండ్ల అలవాటప్పా, యాడ ఆపాలో చెయ్యి మరిచిపోయింది" అని, తెచ్చిన టీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చున్నాడు. ఇంకో ముక్క లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి లేచి, తెల్లటి చెక్కలో వేలిగోరంత బిరడా ఒకటి తీసి, బంక చుక్కైనా లేకుండా వెనకవైపు దిగ్గొట్టాడు. చేత్తో తడిమితే అతుకు తెలియలేదు. "ఇంక ఎంత ఒత్తినా కదలదు. రాయమ్మా" అన్నాడు చెల్లెలితో.

అమ్మ మూడు రోజులు కూర్చుని రెండు పేజీలు రాసి, తనే కవరు అంటించింది. పది రోజులకు పెద్దమ్మ జవాబు వచ్చింది. అలవాటు ప్రకారం నేను చెయ్యి చాచాను. "ఉండనీ నాయనా, నేనే చదువుకుంటా" అని అమ్మ పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఏముందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత సరదాకొద్దీ చాలా పెన్నులు చేశాను. పుచ్చుకున్నవాళ్ళు నునుపును మెచ్చుకుని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. ఇప్పుడు అక్కచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకుంటే బస్సంతా వింటుంది, ఎవరికీ పట్టింపు లేదు. అమ్మా పెద్దమ్మా ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆ జవాబూ, ఆ తర్వాత పెద్దమ్మ చూపున్నంతకాలం రాసినవీ నా దగ్గరే ఉన్నాయి. అంతకుముందు ఆమె ఉత్తరాలన్నీ చదివిపెట్టింది నేనే. వీటి మడత మాత్రం ఇప్పటికీ విప్పలేదు.