చదవని మనవి

యాభై ఏళ్లకు పైగా ఒక పాపాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పులివెందుల దగ్గర ఒక పల్లెలో, మేం గుడి అని పిలుచుకునే చర్చికి నేను ఉపదేశిని. పాదిరిగారు నెలకోసారి జమ్మలమడుగు నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆరాధన నేనే నడిపేవాణ్ణి. సంఘంలో చదువొచ్చినవాళ్లు లేరు. ఆరాధనకు ముందు ఎవరి కష్టం వాళ్లు చెబితే చీటీల మీద రాసుకుని, పేరు పెట్టి అందరి ముందూ చదివేవాణ్ణి. చదివాక ఆ ఇంటికి సంఘమంతా తోడు నిలిచేది. అది మా వాడుక.

ఆ ఆదివారం మరియమ్మ వచ్చింది. ఆమె భర్త ఏసోబు, ఎవరిదో చీనీతోటను, అదే బత్తాయి తోటను, నరుకుతున్నవాళ్లను కళ్లారా చూసి, పోలీసులకు చెప్పాడు. నరికించింది మా ఊరి పెద్ద రైతు.

"ఆ పెద్దరైతు మనుషులు రెండు దినాల నుంచి మా ఇంటికాడ తిరుగుతాండారు. పదిమందికి తెలిస్తే మా మనిషిని ముట్టరు. సదువు పంతులయ్యా" అంది. రాసుకున్నాను.

మా గుడి కప్పుకు దూలాలిచ్చింది కూడా ఆ రైతే. ఆ పూట ఆయన వచ్చి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను జ్వరాలు చదివాను. కాన్పు చదివాను. ఎవరిదో ఆవు ఈనలేదని చదివాను. మరియమ్మ చీటీని అడుగుకు తోశాను. భయమేనా? భయం ఒక్కటే అంటే అబద్ధం. అంత పెద్దమనిషి నా ప్రసంగం వింటున్నాడన్న మురిపెం కూడా ఉంది. దేవుణ్ణి ఆరాధించడానికి నిలబడ్డానో, ఆ దూలాలనో, ఇప్పటికీ తేల్చుకోలేను.

వాకిట్లో మరియమ్మ నన్ను ఆపింది.

"మాది సదవలేదే?"

"మనసులో సదివినాన్లేమ్మా. దేవునికి ఇనపడింటాది."

"అట్లయితే సాలు" అంది. నమ్మింది.

బుధవారం ఏసోబు ఒంటరిగా వేంపల్లె సంతకు బయలుదేరాడు. చదివి ఉంటే నలుగురు వెంట వెళ్లేవారు. మర్నాడు వంక ఇసుకలో శవం దొరికింది.

సమాధి దగ్గర నేను దేవుని చిత్తం అన్నాను. మరియమ్మ ఏడవలేదు. "దేవుడు ఇని గూడా ఊరకుండిపాయ" అంది. ఆ తర్వాత గుడి గడప తొక్కలేదు. గుండె బండబారిందని జనం అన్నారు. నేనేం చేశానో తెలుసా? ఆరాధన మానేసినవాళ్ల గతి గురించి, పేరెత్తకుండా, ఆమె మీదే ప్రసంగం చేశాను.

ఒకరి భయాన్ని అందరూ కలిసి దేవుని ముందు పెట్టడానికే సంఘం కూడుతుందని ఆ చదువురాని మనిషికి తెలుసు. బైబిలు చేతపట్టిన నాకు తెలియలేదు.

మరియమ్మ చనిపోయేముందు సంఘంవాళ్లు ప్రార్థన చేస్తామంటే వద్దని చేత్తో సైగ చేసిందట. నలభై ఏళ్లు ఆమె దేవుడి మీద కోపంతో బతికింది. ఆ కోపం నా మీదికి రావలసింది. దేవుడి మీదికి తోసి, నేను మంచివాడిగా మిగిలాను.

క్షమించమని అడగడానికి ఆమె లేదు. దేవుణ్ణి అడగడానికి నోరు రావడం లేదు. ఊరకున్నది దేవుడు కాదు, నేను. ఈ ఒక్క మాట బయటికి అన్నాను. నాకు దక్కిన తేలిక అంతే.