రాజన్న కడుపునొప్పి

రాజేశ్వర్ కడుపునొప్పికి వేళాపాళా లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సరదా సరిగ్గా పాకాన పడే వేళే దాని వేళ.

జెబెల్ అలీ క్యాంపులో అందరూ అతన్ని రాజన్న అంటారు. యాభై దాటిన మనిషి, దుబాయ్‌లో ఇరవై ఏళ్ళ అనుభవం. శనివారం రాత్రి జుమేరా బీచికి వెళ్దామంటే అందరికన్నా ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడతాడు. తీరా అక్కడ దీపాల వెలుగులో ఆటాపాటా ఊపందుకోగానే పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడతాడు.

"అయ్యో, సచ్చిన్రా! నన్ను రూముకు దీస్కపోండ్రి!"

ఒక్కణ్ణే పంపిస్తామంటే ఒప్పుకోడు. బలగమంతా కదలాల్సిందే.

అతని గదిలోనే ఉండే రత్నాకర్‌కి ఈ నొప్పంటే ఒళ్ళుమంట. వాము నమిలించాడు, సోడా తాగించాడు, చివరికి క్లినిక్కుకి లాక్కెళ్ళాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఈయన ఇటుకలు తిన్నా అరిగించుకుంటాడు" అని పంపేశాడు.

ఒకసారి అదే గదివాడు అంజి, బీచిలో ఆడుకుంటున్న ఎవరో విదేశీ కుటుంబం వైపు ఫోను తిప్పి రీలు తీయబోయాడు. రాజన్నకి నొప్పి వచ్చింది. వచ్చిన నొప్పి ఊరుకోక అతన్ని నేరుగా అంజి మీద పడేసింది. ఫోను ఇసుకలో కూరుకుపోయింది.

ఇంకోసారి ఆఖరి మెట్రో తప్పిపోతే, ఎవడో కారువాడు చవగ్గా దింపుతానన్నాడు. అందరూ ఎక్కబోతుంటే మళ్ళీ నొప్పి.

"కార్లయితే వాంతయితదిరా. బస్సయితే ఆగుతది."

బస్సు కోసం గంటసేపు నిలబడ్డారు. ఆ గంటలో రోగి పావుకిలో పల్లీలు ఖాళీ చేశాడు.

మొన్న డిసెంబరులో గదిలోకి గోదావరి జిల్లా నుంచి నాగబాబు కొత్తగా వచ్చాడు. వచ్చిన వారమే, బీచిలో రాత్రి ఈతకని తాడుతో హద్దు కట్టిన చోట చేపలా ఈదివచ్చి, తల తుడుచుకుంటూ అన్నాడు.

"ఈతంటే మా గోదారోళ్ళదేనండి. మీ వైపు నీళ్ళెక్కడున్నాయండీ?"

రత్నాకర్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏందీ? శ్రీరాంసాగర్ కాల్వను ఈ దరికెల్లి ఆ దరికి ఈదినోన్ని! ఆ తాడు దాటి పోయొస్త, సూడు!"

నిజానికి ఆ కాలువలో అతను మోకాళ్ళ లోతు దాటింది లేదు. అంజి వీడియో మొదలుపెట్టాడు. రత్నాకర్ నడుము లోతుకి వెళ్ళాడు, ఛాతీ లోతుకి వెళ్ళాడు. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. లైఫ్‌గార్డు ఈల వేస్తే, తనను హుషారు చేస్తున్నారనుకున్నాడు. వెనక్కి వచ్చేద్దామనుకున్నాడు. కానీ వెనక్కి తిరిగితే కాంట్రాక్టు అయ్యేదాకా క్యాంపంతా నవ్వుతుంది. చచ్చినా సరేనని ఇంకో అడుగు ఎత్తాడు.

"ఓ అవ్వా, సచ్చిన్రా! రత్నాకర్, జల్ది రా! నువ్వు లేకుంటే నా పానం పోతది!"

సముద్రంలోంచి అంత వేగంగా బయటపడ్డ మనిషిని నాగబాబు కూడా చూడలేదు. గట్టెక్కాక మాత్రం రత్నాకర్ గొంతు పెంచాడు. "మజా అంతా ఖరాబ్ జేసినవ్ గదన్నా! ఇంకో రెండు నిమిషాలైతే తాడు దాటేటోన్ని!"

దారిలో హోటలు దగ్గర ఆగారు. మిగతా ఇద్దరూ టీ తేవడానికి వెళ్ళారు. రాజన్న ఒక షవర్మా ముగించి రెండోది అందుకున్నాడు. రత్నాకర్ కాసేపు అతని దవడల వైపే చూశాడు.

"నొప్పేమయిందన్నా?"

"ఖలాస్."

"మరి అంజి రీలప్పుడు?"

"అడగకుంట ఎవల వీడియో తీసినా ఈడ కేసయితది."

"ఆ కారు?"

"దొంగ టాక్సీ. ఏమన్నయితే మనకు దిక్కెవడు?"

"గా ముచ్చట నోటితోటి చెప్పరాదు?"

"పదిమంది ముందట వద్దంటే మొగోడు ఇంకింత జిద్దు జేస్తడు. ముసలోనికి నొస్తుందంటే తిట్టుకుంటనన్న ఎనుకకొస్తడు."

 రత్నాకర్ ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లన్నీ తలచుకుని సిగ్గుపడ్డాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "నాకు ఈత రాదన్నా."

"ఎర్కే. నడుములోతులనే చేతులు రెండు మీదికి లేపినవ్."

ఇంతలో నాగబాబు టీ కప్పులతో వచ్చాడు. "రాజన్నా, మీరు చెప్పండి. ఈయన నిజంగా దాటేసేవాడంటారా?"

రత్నాకర్ టీ కప్పు అందుకుని అందులోకే చూడసాగాడు. రాజన్న మూతి తుడుచుకుని, తాపీగా టీ ఊదుకున్నాడు.

"దాటుడేందయ్యా! ఆపకుంటే సముద్రమవతల ఇరాన్ దాక పోయేటోడు. పాడు కడుపు, నాదే అడ్డం బడ్డది."

రత్నాకర్ గబుక్కున లేచి, కౌంటరు దగ్గరికెళ్ళి, అతనికి మూడో షవర్మా చెప్పాడు.