ఆంటీ పాటలో ‘ఎలా’

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ అనే ఊళ్ళో నేను పనిచేసే ఫిష్ అండ్ చిప్స్ కొట్టు ఒక గ్రీకు ఆంటీది. స్టూడెంట్ వీసా మీద ఉన్నప్పుడు పార్ట్‌టైమ్‌గా చేరాను. చదువైంది, పెళ్ళైంది, రెసిడెన్సీ వచ్చింది, కూతురు నాకంటే పొడుగైంది. నేను మాత్రం ఇంకా ఆ కాగే నూనె ముందే ఉన్నాను. మధ్యలో ఆఫీసు ఉద్యోగాలూ చేశాను, నిలవలేదు. ఆంటీ ఏమీ అడక్కుండా మళ్ళీ ఏప్రన్ చేతికిచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ కొట్టులో నన్ను అలిసిపోయేలా చేసింది పని కాదు, పాట. గల్లాపెట్టె పక్కన పాత టేప్ రికార్డర్, అందులో ఎప్పుడూ ఒకటే క్యాసెట్. ఆంటీ వాళ్ళ దీవిలో తాతముత్తాతల నాటి నుంచి పాడుకునే పాట. ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. మొదట వాయిద్యం ఏమీ ఉండదు. ఒక ముసలి గొంతు "ఎలా" అంటుంది, చివర బాగా సాగదీసి. ఆగుతుంది. మళ్ళీ అంటుంది. ఆ తర్వాతే తీగలు మోగడం మొదలవుతుంది. పొద్దున షట్టర్ తీసింది మొదలు ఇదే గోల. అబ్బ, ప్రాణం విసిగిపోయేదనుకోండి.

గ్రీకులో "ఎలా" అంటే "రా" అని. ఆ సంగతి చేరిన రోజు నాకేం తెలుసు! వెనక గదిలో బంగాళదుంపలు కడుగుతున్నాను. ముందు నుంచి ఆవిడ "ఎలా! ఎలా!" అని కేకలు. ఎవరో ఈవిడకి తెలుగు ముక్క నేర్పినట్టున్నారు, పని ఎలా ఉందని అడుగుతోంది కాబోలు, పాపం, అనుకున్నాను. "గుడ్ ఆంటీ, వెరీ గుడ్" అని అక్కడి నుంచే జవాబిస్తూ కూర్చున్నాను. నేను వెళ్ళి అందుకోకపోయేసరికి చేపలన్నీ బొగ్గులయ్యాయి. చీవాట్లు అయ్యాక మా "ఎలా"కి అర్థం చెప్పాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అప్పట్నుంచి నేను ఎప్పుడు విసుక్కున్నా "ఇది మీ ఎలానా, మా ఎలానా?" అని ఏడిపించేది.

ఆ పాటకి వాళ్ళలో ఒక పద్ధతుంది. పెళ్ళిళ్ళలో ఆ పాట వచ్చినప్పుడు పెద్దవయసు ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు లేచి వెళ్ళి ఆడరు. ఎవరో ఒకరు ఎదుట నిలబడి ఆ మాటతో పిలవాలి. ఆంటీని ఎప్పుడూ అంకులే పిలిచేవాడు. ఆయన పోయాక పిలిచినవాళ్ళు లేరు, ఆవిడ లేచిందీ లేదు.

మనవరాలి పెళ్ళి కుదిరాక ఒకరోజు కౌంటర్ తుడుస్తూ, "దాని పెళ్ళిలో ఆడాలనుంది. ఈ మోకాళ్ళు మళ్ళీ ఇంకో పెళ్ళి దాకా పనిచెయ్యవు. కానీ ఎవరూ పిలవకపోతే మాత్రం లేవను" అంది.

పిలవని పేరంటం సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? "మనవరాలికి ఓ మాట చెప్పొచ్చుగా ఆంటీ" అన్నాను.

"అడిగి పిలిపించుకుంటే అదేం పిలుపు? నువ్వు కూడా చెప్పకు. జాలిపడి పిలవడానికి నువ్వూ రాకు" అని నా చేత ఒట్టేయించుకుంది.

ఈలోగా ఆ పాట ఊరిమీద పడింది. ఎవరో కుర్రాళ్ళు దాన్ని పాప్ చేశారట. ఒకదాంట్లో చెవులు పగిలే డ్రమ్ములు, ఇంకోదాంట్లో ఒకమ్మాయి జలుబు చేసిన గొంతుతో గుసగుసలు, మరోదాంట్లో మధ్యలో ఇంగ్లీషు ర్యాప్. మాల్‌లో అదే, ట్రైన్‌లో పక్కవాడి ఇయర్‌ఫోన్‌లోంచి అదే. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుందామంటే నా కూతురు అద్దం ముందు దానికే గెంతుతోంది. "ఇది మన ఆంటీ పాటే" అంటే, "నో మమ్, ఇట్స్ జస్ట్ ఎ బీట్" అంది. అన్నిట్లోనూ మొదట్లో ఆ పిలుపు కోసేశారు. ఎత్తుకోవడమే దరువు. ఆ క్యాసెట్ తీసుకెళ్ళి నదిలో గిరాటెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. అలాంటిది నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి సొమ్మని కోశారర్రా అది?

పెళ్ళి శనివారం పడింది. మధ్యాహ్నం రష్ అంతా నేనొక్కదాన్నే లాగి, జుట్టు నిండా నూనె వాసనతో హాలుకెళ్ళాను. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఆంటీ నల్లగౌనులో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని గోడవార కూర్చుంది. కాసేపటికి డీజే ఆ పాట వేశాడు, డ్రమ్ముల రకం. పిలుపు లేదు. కుర్రకారంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలెట్టారు. పెళ్ళికూతురు పరిగెత్తుకొచ్చి "కమాన్ గ్రాన్‌మా" అని చెయ్యి లాగింది. ఆంటీ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, మళ్ళీ బతిమాలింది. పాపం దానికి ప్రేమ లేక కాదు, ఆ మాట తెలీక. నాకు ఏడుపొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటని ఒట్టు గుర్తొచ్చి మింగేశాను.

చివరికి పెళ్ళికూతురు నా దగ్గరకొచ్చి, "గ్రాన్‌మా మీ మాట వింటుంది ఆంటీ, ప్లీజ్" అంది. లేచి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"నా గొడవ వదిలెయ్. పాట అయిపోతుంది, వెళ్ళి నువ్వాడు" అంది ఆంటీ.

నన్నా ఆడమనేది! ఈ కాళ్ళతోనా! పొద్దుట్నుంచీ పడిన చాకిరీ అంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. "ఎలా ఆంటీ... ఎలాఆ..." అన్నాను నీరసంగా, తెలుగులోనే.

ఆవిడ నా మొహంలోకి చూసింది. బ్యాగు తీసి పక్క కుర్చీలో పెట్టింది. గౌను సర్దుకుని చెయ్యి చాపింది.

చెయ్యందుకున్నాను, లేచింది. కుర్రాళ్ళు కేరింతలు కొడుతూ దారిచ్చారు. పెళ్ళికూతురు వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది. ఆంటీ ఆ డ్రమ్ములని లెక్కచెయ్యకుండా క్యాసెట్‌లో పాట నడకకే అడుగులేసింది, నేను కుంటుకుంటూ వెంట తిరిగాను. పొరపాటుబడి లేచిందే, ఈ విషయం జన్మలో చెప్పకూడదు అనుకున్నాను.

పాట ఆగబోతుండగా నా చెవి దగ్గరకి వంగింది.

"అది మీ ఎలా అని నాకు తెలుసులే" అంది. "కానీ ఇంకెవరంటారే నాతో ఆ మాట?"