అరవేలి వాటా

మా తమ్ముడి మనవరాలు మొన్న సెలవులకు ఆదోని వచ్చి, పరీక్షకు చదువుకుంటూ మధ్యమధ్యలో నాకూ పాఠం చెప్పింది. ప్రపంచంలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ఎన్ని రకాలన్నది ఆ పాఠం. మన వయసు వాళ్లకు బ్యాంకంటే పాసుబుక్కూ, కిటికీ ముందు వరసా, భోజనం తర్వాత రమ్మనే గుమాస్తా. ఈ బ్యాంకుల్లో అవేవీ ఉండవట. కంపెనీల వాటాలు అమ్మిపెట్టడం, ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొంటుంటే మధ్యన కూర్చుని బేరం కుదర్చడం వీటి పని. కొన్ని దేశదేశాల్లోనూ పాతుకుపోయిన మహాసంస్థలు, కొన్ని మధ్యరకం కంపెనీలకు పనిచేసేవి, కొన్ని తమ ప్రాంతం పొలిమేర దాటనివి. జర్మనీ వైపు డిపాజిట్లు తీసుకునే మామూలు బ్యాంకే ఈ పనీ చేస్తుందట. అమెరికాలో చాలాకాలం ఆ రెండింటినీ ఒక గడప లోపల ఉండనివ్వలేదట. లండన్‌లో సరుకుల వ్యాపారం చేసుకునే కుటుంబాలే మెల్లగా ఇందులోకి దిగాయని విన్నప్పుడు, పత్తి వ్యాపారుల ఇంట్లో పుట్టినదాన్ని కదా, భలే ముచ్చటేసింది.

చివర్లో ఒక చిన్నరకం చెప్పింది. వీళ్లు అప్పులివ్వరు, పెద్ద హంగులుండవు, నలుగురు కూర్చుని సలహా చెప్పి బేరం కుదురుస్తారు, అంతే. దాన్ని బొటీక్ అంటారట. మా వీధిలో బొటీక్ అంటే జాకెట్లకు మగ్గం పని చేసే కొట్టు కాబట్టి నేను పకపకా నవ్వాను. నవ్వుతుండగానే మా చిన్నమామ గుర్తొచ్చాడు.

చిన్నమామ మా అమ్మకు తమ్ముడు, ఆదోని పత్తి మార్కెట్లో దళారి. కొట్టు లేదు, గోదాము లేదు, భుజాన తువ్వాలొకటి ఉండేది. కొనేవాడూ అమ్మేవాడూ ఆ తువ్వాలు కింద చేతులు పెట్టి, పక్కవాడికి తెలియకుండా వేళ్లతోనే ధర మాట్లాడుకునేవాళ్లు. ఎన్ని వేళ్లు అందిస్తే అంత. వేలు మడిచి పెడితే అర. అరచేతిని రెండుసార్లు నొక్కితే బేరం ఖాయం. నొక్కిన తర్వాత మాట తప్పినవాడి చెయ్యి మళ్లీ మార్కెట్లో ఎవరూ పట్టుకునేవారు కాదు. ఆయన తువ్వాలు కింద కుదిరిన బేరం చెడిందని నేనెన్నడూ వినలేదు.

నేను బీకాం ముగించి, పత్తి నుంచి గింజ తీసే నాన్న జిన్నింగు మిల్లు లెక్కలు చూస్తున్న రోజులవి. నాన్నతో కలిసి మిల్లు పెట్టిన భాగస్తుడు తన వాటా తీసుకుని విడిపోయాడు, యంత్రాలు ముసలివైపోయాయి, అమ్మడం తప్ప దారి లేకపోయింది. నాన్నకు ఆ మిల్లు లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియదు. రెండు వారాలు అన్నం కూడా సరిగా తినలేదు. చివరికి ఎమ్మిగనూరులో మిల్లున్న ఒక పెద్దాయన కొంటానని వచ్చాడు. మా ఇంటి ముందు హాల్లో చాప పరిచి, చిన్నమామ ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాడు. లెక్క లక్షల్లో అని పైకి చెప్పుకున్నాక, మిగతా బేరమంతా వేళ్లతోనే సాగింది. పెద్దాయన రెండుసార్లు నొక్కాడు, అమ్మ కలకండ తెచ్చింది. ధర ఇద్దరూ పైకి చెప్పండని మామ అన్నాడు. నాన్న నాలుగన్నాడు, పెద్దాయన మూడున్నర అన్నాడు.

నాన్న ఉంగరపు వేలు సగం ఎప్పుడో జిన్ను యంత్రంలో పోయింది. ఆదోని మార్కెట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, ఆ మొండివేలిని నిండువేలుగానే లెక్కపెట్టేవారు. ఎమ్మిగనూరు మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఆయన మడిచిన వేలనుకున్నాడు.

"నా సేతికి తగిలిండేది మూడున్నరే గదప్పా," అన్నాడాయన, ముఖం చిన్నబుచ్చుకుని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరి మాటా వెనక్కు పోయేది కాదు. నాలుగిచ్చే శక్తి ఆయనకు లేదు, మూడున్నరకు ఇస్తే నాన్న అప్పులు తీరి చేతిలో ఏమీ మిగలదు. చిన్నమామ తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"తప్పు మీ ఇద్దరిదీ కాదు. యేలు సంగతి నేను ముందే సెప్పల్యా, నా దలాలీ నాకొద్దు," అని పెద్దాయనకు చెప్పి, నాన్న వైపు తిరిగాడు. "బావా, మూడున్నర తీసుకో. ఆ అరవేలు, అదే ఆ అర లచ్చ, మిల్లులోనే ఉండనీ, నీ వాటాగా. నువ్వు రోజూ పోయి మిల్లు సూసుకో."

పెద్దాయన తువ్వాలు లేకుండానే నాన్న చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. నాన్న అందరి ముందూ ఏడ్చేశాడు. మరుసటి పొద్దున ఎప్పటిలాగే చద్దన్నం తిని మిల్లుకు పోయాడు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ పోతూనే ఉన్నాడు. ఇట్లా అమ్మినవాడికి కొంత వాటా ఉంచే పద్ధతి పెద్ద పెద్ద బ్యాంకుల్లోనూ ఉందని మనవరాలు చెబితే, చిన్నమామ మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

నాన్నా, చిన్నమామా, ఆ పెద్దాయనా పోయిన చాలా ఏళ్లకు, పెద్దాయన కొడుకులు మిల్లు స్థలాన్ని ప్లాట్లకు అమ్మేశారు. వారం తిరక్కుండా ఇద్దరూ ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చారు. అరవేలి వాటాకు కాగితం ముక్క లేదు, మేం అడగనూ లేదు. నాన్న ఫోటో ముందు ఆ వాటా డబ్బు పెట్టి, కాఫీ తాగి, చివరి బస్సుకు వెళ్లిపోయారు.

ఇప్పుడు పత్తి ధర తెరమీద అందరికీ కనబడుతుంది, రైతును మోసం చెయ్యడం కష్టమైంది, అది నిజంగా మేలే. ప్రతి ఒప్పందానికీ కాగితాలున్నాయి, అవీ ఉండాల్సిందే. కానీ మేం మరచిపోయిన వాటాను వాళ్లు మరచిపోకుండా తెచ్చిచ్చిన ఆ సాయంత్రాన్ని నేను ఇప్పటికీ తలచుకుంటూనే ఉంటాను. అటువంటి మనుషులు ఇప్పుడూ ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్లు తలుపు తట్టి, మీ వాటా ఇవ్వడానికొచ్చామంటే నమ్మే ఇళ్లే తగ్గిపోయాయి.