నగరి సోడా సీసాకి విభూతి పట్టీలు

మొన్న ఆదివారం ఒక సోడా సీసా తీసుకుని నగరికి వెళ్ళి, చేతులూపుకుంటూ తిరిగొచ్చాను. ఎవరూ దొంగిలించలేదు, పగలగొట్టలేదు. అయినా పోయింది! ఎట్లాగో వినండి.

నా పిచ్చి మీకు తెలిసిందే కదా. పాత గోలీసోడా సీసాలు ఏరుకొస్తాను, ఆ సోడా ఏ ఊళ్ళో ఎవరు తయారుచేసేవాళ్ళో ఆరా తీస్తాను. తిరుపతిలో మా ఇంట్లో మంచం కింద, బీరువా వెనక అన్నీ అవే. వాటన్నిట్లో నా ప్రాణం ఒక్కదాని మీదే. చిత్తూరులో పాత సామాన్ల అంగట్లో దొరికింది. ఆకుపచ్చ గాజు, మెడలో గోలీ, ఒంటిమీద ఉబ్బెత్తు అక్షరాల్లో 'చెంగల్రాయన్ సోడా, నగరి'. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదని నాకు మహా గర్వం.

ఆ చెంగల్రాయన్ ఎవరో కనుక్కుందామని బస్సెక్కాను. నగరిలో విచారిస్తే ఆయన మనవడి ఇల్లు చూపించారు. మనవడు మునిరత్నం, పాపం, పవర్‌లూమ్ ఆపి మరీ వచ్చాడు. సంచిలోంచి సీసా తీసి ఆయన చేతికిచ్చాను. అక్కడే చెడింది.

ఆయన ఆ అక్షరాలు తడిమి తడిమి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మా తాత పేరప్పా ఇది. ఆయన ఫోటో ఒగటి గూడా లేదు మా ఇంట్లో. అమ్మా, ఈడికి రా, తాత వచ్చినాడు!"

వాళ్ళమ్మ వచ్చి సీసాని రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకెళ్ళింది. కడుగుతుంది కాబోలు అనుకున్నా. కడిగింది కూడా. తర్వాత విభూతి పట్టీలు వేసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, మూరెడు మల్లెపూలు చుట్టి దేవుడి గూట్లో నిలబెట్టింది.

"అమ్మా, నేను ఊరికే చూపించి తీసుకెళ్దామని..." అని నసిగాను.

"నువ్వు తెచ్చేదేంది నాయనా. మా మామే నిన్ను తోడు పెట్టుకోని ఇంటికొచ్చినాడు," అందామె, కర్పూరం వెలిగిస్తూ.

హారతి కళ్ళకద్దుకున్నాను. నా సీసాకి నేనే సాష్టాంగపడ్డాను. వడ, పాయసంతో భోజనం కూడా పెట్టారు. చేయి కడుక్కుంటూ చివరి ప్రయత్నం చేశాను.

"ఒక్కసారి కిందికి దించితే కొలతలు తీసుకుంటా..."

"గూట్లో పెట్టినాక తీయగూడదప్పా," అన్నాడు మునిరత్నం. "నీకు ఎప్పుడు సూడాలనిపిస్తే అప్పుడొచ్చి దండం పెట్టుకోని పో."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఖాళీ సంచి చూసి, సీసా ఏదని అడిగింది. దేవుడైపోయిందని చెప్పి, జరిగిందంతా వినిపించాను. కాస్త ఓదారుస్తుందని నా ఆశ. ఆమె వంగి మంచం కిందికి ఒకసారి చూసింది.

"మిగతావాళ్ళ మనవళ్ళు కూడా యాడుండారో కనుక్కోండి. బస్సు చార్జీలు నేనిస్తా."