పోలయ్య మామ చెప్పని కొలత

మా ఊరికీ రోడ్డుకీ మధ్య ఉప్పుటేరు. ఆస్పత్రికి పోవాలన్నా, శ్మశానానికి పోవాలన్నా దాటాల్సిందే. చిన్నపోలయ్య మామ భార్య మహాలక్ష్మత్తకి కిడ్నీలు పోయినాయి. వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. సముద్రప్పోటు తీసేసి నీళ్ళు తగ్గితే పడవ బురదలో కూర్చుంటుంది, ఆ రోజు డయాలసిస్ లేదు. అందుకే నడక వంతెన కోసం మామ మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగినాడు.

శాంక్షనయినాక ఇంజనీరు నరేంద్రబాబు గారు వచ్చి, గట్టు మీద అందరినీ కూర్చోబెట్టినాడు. "దీని మీద ఏమేం పోతాయో చెప్పండి. ఆ కొలతలకి గీస్తా."

"చేపల గంపలు," అన్నాడు మామ. "ఐసు పెట్టె, ఇద్దరు మోస్తారు. సైకిలు."

"మీ పొట్ట పడితే చాలు సార్, మేమందరం పడతాం," అంది గంపల పోలేరమ్మక్క. ఇంజనీరు కూడా నవ్వినాడు.

"మోటారు సైకిళ్ళు మాత్రం ఎక్కకూడదు సార్. గంపలోళ్ళని గుద్దేస్తారు," అన్నాడు మామ.

దానికని రెండు చివర్లా నిలువెత్తు అడ్డపైపులు పెట్టి, మనిషి మెలిక తిరిగి పోయేటట్టు గీసినారు. పైన కూడా కడ్డీలే. పాడె మాట ఎవరూ ఎత్తలేదు. మంచి పనికి కూర్చున్నప్పుడు మా వాళ్ళు ఆ మాట అనరు. పైగా అత్త అక్కడే కూర్చోనుంది. ఇంజనీరింగ్ రెండేళ్ళు చదివి వదిలేసినోణ్ణి, టేపు పట్టింది నేనే. నేనూ అనలేదు.

ఏటి అడుక్కి పైల్స్, అంటే పునాది స్తంభాలు, దించినారు. ఫ్యాక్టరీలో చేసిన ఇనుప ముక్కలు లారీల మీదొస్తే, క్రేనుతో ఎత్తి బోల్టులు బిగించినారు. అత్త ఆ వంతెన మీద పదకొండుసార్లు పోయొచ్చింది. తర్వాత చనిపోయింది.

పాడె వంతెన మొదట్లోనే ఆగిపోయింది. ముందోళ్ళు మెలిక తిరిగితే వెనక బొంగులు పైపుకి తగులుతున్నాయి. ఎత్తుదామంటే పైన కడ్డీలు. ఏట్లో నీళ్ళు లేవు, పడవలు బురదలో ఉన్నాయి. మళ్ళీ పోటొచ్చేసరికి పొద్దు మునుగుతుంది. పొద్దు మునిగినాక మాలో కాల్చరు.

"కట్టర్ తెప్పించి కోసేద్దాం," అన్నాడు మామ తమ్ముడు శివ.

"కొయ్యబాకండి," అన్నాడు మామ. "రేపట్నుంచి బండ్లెక్కుతాయి. పాడె తాళ్ళిప్పండి."

"దారిలో ఇప్పకూడదంటారు గదా మామా," అన్నా.

"చదివినోడివి గదా, ఇంకో దారి చెప్పు."

వంగి తాళ్ళు ఇప్పినా.

మామ అత్తని రెండు చేతుల మీద ఎత్తుకొని, పక్కకి తిరిగి, ఒక్కో అడుగూ జరుపుకుంటా పైపుల్లోంచి పోయినాడు. ఖాళీ పాడెని నిలువుగా పట్టుకొని శివా నేనూ వెనకే పోయినాం. అవతలి చివరా అంతే.

అవతల గట్టు మీద మళ్ళీ కట్టినాం. నేనేసిన ముడి వదులుగా ఉందని మామే ఇప్పి, బిగించి వేసినాడు.