తూటా ఎక్కువ ఈదిన రెండు రౌండ్లు

పూల్‌లో ఆవిడ పేరు తూటా. బయట టైలరమ్మ. నలభై దాటిన ఆడవాళ్ల పోటీల్లో యాభై మీటర్లు ఆవిడ సొంత సొత్తులా ఉండేది. ఈల మోగగానే దూకడం, తల పైకెత్తకుండా అవతలి గోడ తాకడం, అంతే. మిగతావాళ్లు వచ్చేసరికి తువ్వాలు కప్పుకుని కూర్చునేది. దూరాలు ఈదేవాళ్లని చూసి, "వీళ్లకి నీళ్లలో వాకింగు" అని నవ్వేది.

ఏడాదిగా ప్రతి పోటీలో ఆవిడకంటే ముందు ఇంకెవరిదో చెయ్యి గోడకి తగులుతోంది.

"ఈసారి ఎనిమిది వందల మీటర్లకి దిగమ్మా," అన్నాడు కోచ్. "చేతుల్లో సత్తువ ఉంది. దూకడంలోనే వెనకబడుతున్నావు. రెండు పోటీలూ ఒకే పూట, ఒకటే ఎంచుకోవాలి. సాయంత్రం పేర్లు పంపేస్తాను."

"ముసలిదాన్నయ్యానంటారు."

"నేనలా అన్లేదే."

"మీ మొహం అంది."

అయినా మధ్యాహ్నం ఒకసారి ఈది చూస్తానని ఒప్పుకుంది. దూరం ఈదేవాళ్లకి లెక్క గుర్తుండదు. అందుకని గట్టు మీద ఒకరు కూర్చుని, ఇంకా ఎన్ని రౌండ్లున్నాయో అంకెల పలకని నీళ్లలోకి దించి చూపిస్తారు. ఆ పనికి ఆడపడుచుని తెచ్చుకుంది. షాపులో గుండీలూ జిప్పులూ ఆ పిల్లే చూస్తుంది.

టైలరమ్మ అలవాటు కొద్దీ తూటాలాగే బయల్దేరింది. మూడో రౌండ్‌కల్లా చేతులు ఇనప కడ్డీలయ్యాయి. ఇక్కడా చతికిలబడితే పూల్‌లో తనకంటూ ఏం మిగులుతుందన్న భయం పట్టుకుంది. కోచ్‌ని మనసులో నాలుగు తిట్టి, వేగం తగ్గించింది. పొడుగాటి కర్టెన్‌కి అంచు కుట్టేటప్పుడు మిషన్‌ని తరిమితే దారం తెగుతుంది. ఇక్కడా తరమకుండా చేతులు ఒక వరస మీద పడనిచ్చింది. ఊపిరి దానంతటదే దారికొచ్చింది. మధ్యలో మాత్రం రెండుసార్లు తిరిగొచ్చినా పలక మీద అదే అంకె కనిపించింది. తన కళ్లే మోసం చేస్తున్నాయనుకుంది. ఆఖరి రౌండ్‌కి కాస్త ఊపందుకుని గోడ పట్టుకుంది.

కోచ్ వాచీ వంక, ఆడపడుచు వంక మార్చి మార్చి చూశాడు. "రెండు రౌండ్లు ఎక్కువ ఈదించావమ్మా మీ వదినతో."

ఆడపడుచు నాలిక కరుచుకుంది. "ఫోనొచ్చింది వదినా. ప్యాంటు పొట్టిగా కుట్టామని ఒకాయన గొడవ. పలక తిప్పడం మర్చిపోయా."

"పొట్టిదేనా?"

"పొట్టిదే."

టైలరమ్మ కేకలేస్తుందని ఇద్దరూ కాచుకున్నారు. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టి, ఎలా కొట్టుకుంటోందో చూసుకుంటోంది. యాభై ఈదాక కాసేపు మాట పెగిలేది కాదు. ఇప్పుడు ప్యాంటు గురించి మాట్లాడుతోంది. ఇంకో రౌండ్ అన్నా వెళ్లగలదు.

"ఎనిమిది వందలకే రాయండి," అంది.

"మరి తూటా పేరో?" అంది ఆడపడుచు.

"ఉండనీ. దూరం వెళ్లే తూటా. పోటీలో పలక నువ్వే పట్టాలి. ఫోన్ మాత్రం నా సంచిలో." నీళ్లలోంచి పైకొచ్చి తువ్వాలు అందుకుంది. "పద, ఆ ప్యాంటు మడత విప్పి పొడుగు చేద్దాం. గుడ్డ లోపల ఉండే ఉంటుంది."